బ్యాటరీ మార్చారు సరే, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

లోడర్ ఆటోకి లెడ్ బ్యాటరీలు తీసేసి లిథియం వేయిస్తున్నామని ఎవరితో చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" రెండోది ధర, మూడోది వారంటీ. మూడూ అడగాల్సినవే, కాదనను. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఆ ప్యాక్ లోపల ఏం జరుగుతోందో బండి నడిపేవాడు తన ఫోన్లో చూసుకోగలడా, లేదా? చూసుకోలేడంటే అది ఎంత చవకైనా, ఎన్ని కిలోమీటర్లు ఇచ్చినా నేను వద్దంటాను. మొండితనం అనిపించొచ్చు. ఎందుకంటున్నానో చెప్తాను.

మా బాబాయికి విజయవాడలో వాటర్ ప్లాంట్ ఉంది. 20 లీటర్ల క్యాన్లు ఇళ్లకీ షాపులకీ వేస్తారు. బండి చిన్నది: వెనక ఇనప తొట్టి, కింద 48 వోల్టుల మోటారు, దానికి వరసగా కలిపిన నాలుగు 12 వోల్టుల లెడ్ బ్యాటరీలు. ప్రభుత్వ లెక్కలో దీన్ని ఈ-కార్ట్ అంటారు. గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటకూడదు, 310 కిలోల సరుకు దాటకూడదు. అంటే నీళ్ల క్యాన్లయితే పద్నాలుగు. (ఈ లెక్క ఎంతమంది పాటిస్తున్నారో ఏ వీధి చివరైనా పావుగంట నిలబడితే తెలుస్తుంది.) నేను యూపీఎస్, ఇన్వర్టర్ల సర్వీసు పనిలో ఉన్నాను కాబట్టి ఆ బండి కరెంటు పనులన్నీ నా నెత్తిన పడ్డాయి.

లెడ్ బ్యాటరీలను తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. తిట్టాల్సినవి ఉన్నాయి కూడా. రోజూ లోడు లాగే బండికి సెట్టు ఏడాది నిలబడితే గొప్ప. వారం వారం మూతలు తిప్పి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. టెర్మినళ్ల మీద పచ్చగా, తెల్లగా పూత కట్టి వైరు బిగించే లగ్గు కనబడదు. మా బండిలో బ్యాటరీలు కూర్చునే ట్రే ఆసిడ్ పడి పడి ఒక మూల జల్లెడయింది. లేబుల్ మీద 130 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంప్స్ ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క) అని ఉంటుంది గానీ అది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. బండి మూడు నాలుగు గంటల్లో లాగేస్తే అంత రాదు. పూర్తిగా లాగేస్తూ పోతే బ్యాటరీ త్వరగా పోతుంది. పైగా ఎక్కించిన కరెంటులో ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, వేడిగానూ బుడగలుగానూ పోతుంది.

అయినా లెడ్‌లో ఒక మంచి గుణం ఉంది. పోయేముందు చెప్పి పోతుంది. ముందు పికప్ తగ్గుతుంది, తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, ఆ తర్వాత మధ్యాహ్నానికే దిగిపోతుంది. ఏ వీధిలో మెకానిక్ అయినా మూత తీసి, ఆసిడ్ చిక్కదనం చూసే హైడ్రోమీటర్ ముంచి, "ఇదిగో ఈ సెల్ పోయింది" అని వేలు పెట్టి చూపిస్తాడు. నాలుగింటిలో ఒకటి మార్చుకుని ఇంకో రెండు నెలలు నెట్టుకు రావచ్చు. చివరికి పాత సెట్టు కిలోల లెక్కన తూచి కొత్త సెట్టు ధరలో తగ్గిస్తారు. అంటే చదువుకోని డ్రైవరు కూడా తన బ్యాటరీ సంగతి తానే తెలుసుకోగలిగేవాడు. లిథియం వేసినప్పుడు మనం పోగొట్టుకుంటున్నది దీన్ని. ఎవరూ మాట్లాడని విషయం కూడా ఇదే.

సైజు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో పెద్ద చర్చ లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.2 వోల్టులు. పదహారు వరసగా కలిపితే 51.2 వోల్టులు. 100 ఏహెచ్ ప్యాక్ అంటే కరెంటు బిల్లు భాషలో ఐదు యూనిట్ల పైచిలుకు. లెడ్ సెట్టు లేబుల్ మీద ఆరు యూనిట్లు ఉన్నా, నిజంగా వాడుకునేది దీనిలోనే ఎక్కువ. మా బండికి లోడుతో యూనిట్‌కి పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూ వస్తుంది. రోజులో నలభై కిలోమీటర్లు తిరగడమే అరుదు. నాలుగు లెడ్ బ్యాటరీలు కలిపి 120 కిలోల దాకా ఉంటే ఈ ప్యాక్ 50 కిలోల లోపే. అంటే మూడు క్యాన్ల బరువు బండి మీద నుంచి దిగిపోయింది. ఇక 150 ఏహెచ్ ఎందుకు? "ఉంటే మంచిదే కదండీ" అంటారు అమ్మేవాళ్లు. మధ్యాహ్నం భోజనాల వేళ రెండు గంటలు 25 ఆంప్స్ ఛార్జర్ పెడితే సగం ప్యాక్ నిండుతుంది. లెడ్‌కి ఆ వేగం పడదు, దీనికి పడుతుంది. మామూలు ఫ్యాన్ ప్లగ్‌కి కాకుండా ఏసీ పెట్టే పవర్ ప్లగ్‌కి తగిలించాలి, అంతే. 150 ఏహెచ్ కొనకుండా మిగిలిన డబ్బు వైర్లకీ, ఫ్యూజుకీ, పెట్టెకీ పెట్టాలి.

ఆటోనగర్‌లో ఒక షాపు వాళ్లు బాబాయికి ప్యాక్ కట్టి ఇచ్చారు. పేరు చెప్పను, అవసరం లేదు. ఇచ్చేటప్పుడు ఆయనతో అన్నమాట: "పాత ఛార్జరే చాలండీ, బీఎంఎస్ చూసుకుంటుంది." (బీఎంఎస్ అంటే ప్యాక్ లోపల ఒక్కో సెల్‌ని కొలుస్తూ, హద్దు దాటితే కరెంటు ఆపేసే బోర్డు.) ఈ మాట మన ఊళ్లలో రోజూ ఎన్నిసార్లు వినబడుతుందో. పైకి నిజంలాగే ఉంటుంది. పాత లెడ్ ఛార్జర్ 58 వోల్టుల దాకా వెళ్తుంది, పదహారు సెల్స్ ప్యాక్ నిండేది 58.4 దగ్గర. దగ్గరగానే ఉన్నాయిగా? కానీ లెడ్ ఛార్జర్ నిండాక కూడా సన్నగా ఎక్కిస్తూనే ఉంటుంది. కొన్ని రకాలు మధ్యమధ్యలో వోల్టేజి ఇంకా పైకి తీసుకెళ్తాయి, లెడ్ పలకల కోసం. దాన్ని ఆపే పని రోజూ బీఎంఎస్ మీద పడుతుంది. బీఎంఎస్ ఉన్నది ఛార్జర్ తప్పు చేసిన రోజున కాపాడటానికి. ప్రతి రాత్రీ స్విచ్ ఆపడానికి కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు పదిహేను సెల్స్‌తో కూడా "48 వోల్ట్ లిథియం" కడతారు. దానికి 54.75 కంటే ఎక్కువ వెళ్లకూడదు. అదే పాత ఛార్జర్ తగిలిస్తే ఒక్కో సెల్ మీద 3.87 వోల్టులు పడతాయి. హద్దు 3.65. అక్కడ బీఎంఎస్ ఒక్కటి తప్ప మధ్యలో ఏ అడ్డూ లేదు. ఛార్జర్ నేను మార్పించాను, అది వేరే గొడవ.

అసలు గొడవ కొన్ని నెలల తర్వాత మొదలైంది. బండి మొగల్రాజపురం కొండవాలు వీధుల్లో ఎక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. లెడ్‌లాగా నీరసపడి కాదు, స్విచ్ కట్టేసినట్టు. వెనక క్యాన్లు, వాలు మీద బండి, వెనకే హారన్లు. కీ ఆపి మళ్లీ తిప్పితే నడిచేది. హ్యాండిల్ దగ్గరున్న మీటర్ మాత్రం ముప్పావు ఛార్జింగ్ చూపించేది. ఆ మీటర్ వోల్టేజి చూసి చెప్పేది. ఈ సెల్స్ వోల్టేజి 80 శాతం నుంచి 20 శాతం దాకా దాదాపు కదలదు. కాబట్టి లిథియం వేశాక దాని మాట నమ్మక్కర్లేదు. ఎంత కరెంటు లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్కపెట్టే షంట్ మీటర్ వేరే ఉంటుంది, అది పెట్టించుకోవాలి.

ప్యాక్ షాపుకు వెళ్లింది. తిరిగొచ్చింది. "ఏం లేదండీ, సెల్స్ అన్నీ సమానంగా ఉన్నాయి, మీ మోటారు కంట్రోలరే పోయి ఉంటుంది." బీఎంఎస్‌లో బ్లూటూత్ ఉంది, యాప్ ఉంది. కానీ పాస్‌వర్డ్ షాపు వాళ్లు మార్చేశారు. అడిగితే "అది కంపెనీ రూల్ అండీ" అన్నారు. ఏ కంపెనీయో చెప్పలేదు. సెల్స్ ఒకరివి, బీఎంఎస్ ఇంకొకరిది, పెట్టె వెల్డింగ్ షాపుది.

చివరికి ఆ షాపులోనే పనిచేసే కుర్రాడొకడు దయతలచాడు. "అన్నా, ఆదివారం వస్తా, బండి మీదే చూద్దాం" అన్నాడు. నిండు లోడుతో బయల్దేరాం. అతను తొట్టిలో క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు, నేను పక్కనుంచి తొంగి చూస్తున్నాను. సమం రోడ్డు మీద యాప్‌లో సెల్‌కొకటి చొప్పున పదహారు గడులూ 3.30, 3.31 అని ముచ్చటగా ఉన్నాయి. వాలు మొదలైంది. కరెంటు 60 ఆంప్స్‌కి వెళ్లింది. పదిహేను గడులు 3.24 దగ్గర ఆగాయి. తొమ్మిదోది మాత్రం మూడు దాటి కిందికి జారి 2.78 చూపించింది. టక్. బీఎంఎస్ కరెంటు ఆపేసింది, బండి ఆగింది. కరెంటు సున్నా కాగానే తొమ్మిదో గడి మళ్లీ 3.30.

సెల్ చెడిపోతే మామూలుగా అంత త్వరగా కోలుకోదు. ఇది కనెక్షన్ జబ్బు. పెట్టె విప్పితే తొమ్మిదో సెల్ మీద బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) నట్టు వేలితో తిరిగింది. కింద స్ప్రింగ్ వాషర్ లేదు, మన రోడ్ల మీద అదురుకి వదులైంది. లెక్క వేసి చూడండి: ఆ ఒక్క జాయింట్ దగ్గర దాదాపు అర వోల్టు పోతోంది, 60 ఆంప్స్ మీద అంటే 28 వాట్ల దాకా వేడి. మూత మూసిన బ్యాటరీ పెట్టెలో, ప్లాస్టిక్ తొడుగుల మధ్య, ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి వదిలేసినట్టు. (విప్పేటప్పుడు పానాకి ఇన్సులేషన్ టేపు చుట్టాలి. పానా జారి రెండు టెర్మినళ్ల మీద పడితే వచ్చే కరెంటు వేల ఆంప్స్. తెలియనివాళ్లు చేసే పని కాదిది.)

ఈ ముక్క ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల బల్ల మీద ప్యాక్ నిజంగానే బాగుంది. ఆ లోపం కనబడేది నిండు లోడుతో వాలు ఎక్కే ఆ అర నిమిషంలోనే. ఆ అర నిమిషం అక్కడ ఉండేది డ్రైవరు ఒక్కడే. అతని ఫోన్‌కి మాత్రం తాళం. లెడ్ రోజుల్లో జబ్బు ఎవరైనా చూడగలిగేది, మందు కొద్దిగానే ఉండేది. ఇప్పుడు పదహారు సెల్స్ సంగతీ సెకను సెకనుకూ కొలిచే యంత్రం పెట్టెలోనే ఉంది, చూడాల్సినవాడికి చూసే వీల్లేదు.

షాపుల వైపు వాదన నాకు తెలుసు, అందులో పస కూడా ఉంది. పాస్‌వర్డ్ ఇస్తే కస్టమర్లు ఊరుకోరు. బండి వాలు మీద ఆగిపోతోందని సెల్ 2.8 వోల్టుల దగ్గర ఆగాల్సినదాన్ని 2.2కి దించేస్తారు, యూట్యూబ్ చూసి కరెంటు హద్దు పెంచేస్తారు, ఆ తర్వాత ప్యాక్ ఉబ్బితే వారంటీ అంటూ వచ్చి కూర్చుంటారు. నిజమే, అలాంటివాళ్లను నేనూ చూశాను. కానీ చూడటం వేరు, మార్చడం వేరు. ఈ బీఎంఎస్‌లలో చాలావాటికి రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, లోపలికి వెళ్లి చూడటానికి ఒకటి, సెట్టింగులు మార్చడానికి ఇంకొకటి. రెండోది మీ దగ్గరే పెట్టుకోండి. మొదటిది దాచడానికి భద్రత కారణం కాదు. కస్టమర్ ఇంకో షాపుకి వెళ్లకుండా కట్టేసుకోవడమే.

వాయిదాల మీద ఇచ్చే బ్యాటరీల కథ ఇంకా దూరం వెళ్లింది. వాటిలో సిమ్ కార్డు ఉంటుంది, ఈఎంఐ ఆగితే ఎక్కడినుంచో బ్యాటరీ ఆపేస్తారు. అప్పు ఇచ్చినవాడికి భరోసా కావాలి, ఒప్పుకుంటాను. ఈ తాళం లేకపోతే చాలామంది డ్రైవర్లకు అసలు అప్పే పుట్టదని కూడా ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ జబ్బుతో ఆగిందా, బాకీతో ఆగిందా అన్నది నడిరోడ్డు మీద డ్రైవరుకి తెలియకపోవడం అన్యాయం. కనీసం ఆ రెండింటికీ తేడా చెప్పే ఎర్ర లైటు ఒకటి పెట్టొచ్చు కదా.

పెద్ద కంపెనీల బళ్లలో పరిస్థితి వేరు. మహీంద్రా ట్రియో జోర్, టాటా ఏస్ ఈవీ లాంటివి మొదటినుంచీ లిథియంతోనే వచ్చాయి. ఏస్ ఈవీ 2022లో వచ్చినప్పుడు 21.3 యూనిట్ల ప్యాక్. వాటిలో బ్యాటరీ, బండి కంప్యూటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయటి ప్యాక్ తెచ్చి పెడదామంటే కుదరదు. అక్కడ సర్వీసు సెంటర్ ఉంటుంది, వారంటీ ఉంటుంది, కాబట్టి నా గొడవ వాళ్లతో ఇప్పుడు లేదు. వారంటీ అయిపోయాక ఉంటుంది.

"ఇదంతా ఎందుకు, ధ్రువీకరణ ఉన్న ప్యాకే కొనొచ్చుగా?" అని అడగొచ్చు. కొనాలి. 2022 ఏప్రిల్‌లో మా ఊళ్లోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జికి ఎక్కి 8 మంది పోయారు. ఆ ఏడాది దేశమంతా జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాతే రెండు, మూడు చక్రాల బళ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని గట్టి చేసి 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు విడతలుగా అమలు పెట్టారు. సెల్ మీద తయారైన నెల, సంవత్సరం కనబడాలి, లోపల వేడి ముదిరితే ముందే చప్పుడుతో హెచ్చరించాలి, నీళ్లలో ముంచినా తట్టుకోవాలి. అన్నీ మంచివే. ఇంకో సంగతి, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి మీ మోడల్‌కి కంపెనీ లిథియం రకం ఉందా, దానికి అనుమతి పొందిన ప్యాక్ ఏది అన్నది ముందే కనుక్కోండి. ఇన్సూరెన్సు వాళ్లు ప్రమాదం జరిగాక అడుగుతారు, ముందు అడగరు.

కానీ ధర చూడండి. బ్యాటరీతో సహా కొత్త ఎలక్ట్రిక్ బండి కొంటే జీఎస్టీ 5 శాతం. ఉన్న బండికి బ్యాటరీ ఒక్కటే కొంటే 18. బాగున్న బండిని పారేయకుండా కాపాడుకునేవాడి మీదే ఎక్కువ పన్ను. లెడ్ సెట్టుకి దాదాపు రెట్టింపు పెట్టి, దాని మీద ఈ పన్ను కట్టి, పాత లిథియం ప్యాక్‌కి కోబాల్ట్, నికెల్ లేవు కాబట్టి తూకానికి పెద్దగా ఏమీ రాదని తెలిశాక, మనిషి సహజంగానే బిల్లు లేని షాపు వైపు నడుస్తాడు. ప్రమాణాలు కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, ఈ లెక్క మారనంతకాలం వీధి చివర కట్టే ప్యాకులు ఉంటూనే ఉంటాయి.

నీళ్ల గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బళ్లన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఐపీ67 అని స్టిక్కర్ ఉన్న ప్యాకైతే ఏమీ కాదనుకుంటారు. ఆ అంకెకు అర్థం మీటరు లోతులో అరగంట. మూడు రోజులు కాదు. మునిగిన లెడ్ బ్యాటరీని కడిగి చూసుకోవచ్చు. మునిగిన లిథియం ప్యాక్‌లో తేమ నెమ్మదిగా పని చేసి, నీళ్లు తీశాక ఎన్నో రోజులకైనా ముప్పు తేవచ్చు. అలాంటి ప్యాక్‌ని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచాలి, ఛార్జింగ్ పెట్టకూడదు. లోపల వోల్టేజీలు ఎలా ఉన్నాయో యాప్‌లో రోజూ చూడగలిగితే, ఏ సెల్ జారుతోందో ముందే తెలుస్తుంది. పాస్‌వర్డ్ ఉంటే.

ఎండ సంగతీ అంతే. మే నెలలో మా ఊళ్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. తిరిగొచ్చిన బండికి వెంటనే ఛార్జర్ తగిలిస్తే వేడి మీద వేడి. గంట నీడలో పెట్టి, పెట్టె లోపలి ఉష్ణోగ్రత యాప్‌లో చూసుకుని పెట్టమని బాబాయికి చెప్పాను. ఆయన డ్రైవరు ఇప్పుడు అది చూసే పెడుతున్నాడు. పదో తరగతి కూడా పూర్తి చేయలేదు, పదహారు గడుల్లో ఏది మిగతావాటితో కలవడం లేదో నాకంటే ముందు పట్టేస్తాడు.

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న మునిసిపాలిటీల్లో చెత్త సేకరణకు 516 ఈ-ఆటోలు ఇచ్చింది. వాటి బ్యాటరీలు కూడా ఏదో ఒకరోజు మార్చాల్సిందే. ఆ టెండరు రాసేవాళ్లు కిలోమీటర్లూ, వారంటీ ఏళ్లూ ఎలాగూ రాస్తారు. సెల్ వోల్టేజీలు చూసే వీలు మునిసిపాలిటీ మెకానిక్‌కి ఉండాలని, వైరింగ్ బొమ్మ, సెల్ వివరాలు కాగితం మీద ఇవ్వాలని ఇంకో వాక్యం చేర్చడానికి ఖర్చేమీ లేదు.

బాబాయి ఈమధ్య రెండో బండికి కూడా లిథియం వేయించాడు, వేరే షాపులో. పాస్‌వర్డ్ బిల్లు మీద రాసివ్వాలని అడిగితే ఆ షాపాయన కాసేపు నసిగాడు. చివరికి చూసే పాస్‌వర్డ్ రాసిచ్చి, కింద ఇంకో లైను చేర్చాడు: సెట్టింగులు మార్చినట్టు తేలితే వారంటీ ఉండదు. న్యాయమైన షరతే. బాబాయి సంతకం పెట్టాడు.